పేరు పక్కన ఇండియా

ఫిబ్రవరి 3

కట్టు బరువు. లోపల దురద. గీక్కోడానికి అమ్మ పాత గొడుగు పుల్ల ఒకటి ఊడదీసి ఇచ్చి, పల్లికాయ తెంపడానికి కూలికి పోయింది. ఇంట్లో నేను, ఫ్యాను, ఫోను.

మహబూబ్‌నగర్ దవాఖానకు ఫోన్ చేశాను. నా జాగాలో ఇంకో నర్సును పెట్టుకున్నారట. మంచిగానే చెప్పారు. కాలు జాగ్రత్త అని కూడా అన్నారు. స్కూటీ మీంచి పడ్డ రోజే ఇది తెలిసి ఉండాలి నాకు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. గేమ్ తెరిచాను.

ఫిబ్రవరి 4

మధ్యాహ్నమంతా మ్యాచులే. నలుగురి జట్టు: నేను, శ్రావణి, గేమ్‌లోనే పరిచయమైన నేపాల్ ఆయన. నాలుగో మనిషి ఎవరో ఒకరు, రోజుకొకరు.

శ్రావణిది మక్తల్ దగ్గర పల్లె. హాస్టల్లో ఉన్నప్పటి నుంచి కలిసి ఆడుతున్నాం, ఒక్కసారీ చూసుకోలేదు. తను ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది, అంటే డాబా మీద పుస్తకం తెరిచి పెట్టుకుని నాతో ఆడుతోంది. మైకులో తన వెనక కోళ్ళు, మోటారు చప్పుడు, వాళ్ళమ్మ కూలీలను కేకేయడం, అన్నీ వినబడతాయి. నేను పడిపోతే కాల్పుల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి లేపుతుంది. "సచ్చినవా ఫల్? లే, లే" అంటుంది. ఈ నెలలో నన్ను లే అని అన్నది తనొక్కతే, మిగిలిన అందరూ పండుకో అంటున్నారు.

ఫల్ అంటే సీతాఫల్. నా పేరు అక్కడ సీతాఫల్ ఇండియా. తనది జొన్నరాణి ఇండియా. ఆడపిల్ల పేరు పెడితే మగపిల్లలు ఊపిరాడనివ్వరు. అందుకని ఒకరు పండు, ఒకరు గింజ. ఇండియా మాత్రం ఇద్దరం అడక్కుండానే పెట్టుకున్నాం.

ఫిబ్రవరి 6

ఏమీ లేదు. పప్పు, అన్నం, మ్యాచ్, నిద్ర.

ఫిబ్రవరి 8

ఇవాళ్టి నాలుగో మనిషి అడిగాడు - అందరూ పేర్ల పక్కన దేశం ఎందుకు పెట్టుకుంటారు అని. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అతను వెళ్ళిపోయాక నేనే అడగడం మొదలుపెట్టాను, కనబడ్డ వాళ్ళందరినీ. వేరే పనేముంది.

ఒకడు గర్వం అన్నాడు. ఒకడు కొట్టింది ఎవరో అవతలివాళ్ళకు తెలవాలి అన్నాడు. ఒకడు అందరూ పెట్టుకున్నారని పెట్టుకున్నాడట, తీసేద్దామంటే పేరు మార్చుకోవడం తలనొప్పని అలాగే వదిలేశాడట. కల్వకుర్తి పిల్లగాడు ఒకడు మొదట టీఎస్ అని పెట్టుకుని, బండ్ల నంబర్లు టీజీ అయ్యాక తన పేరూ మార్చుకున్నాడు. రేపు ఇంకోటి అంటే ఏం జేస్తవ్ అంటే, అప్పుడు ఇండియా పెడ్త, అది మారదు అన్నాడు. వాడి ఫికర్ వాడిది.

నేపాల్ ఆయన చాలాసేపటికి రాశాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. దేశం పేరు రాస్తే మీరు నన్ను కొండల గురించి అడుగుతారు. సొంత పేరు రాస్తే మా దేశం వాళ్ళు ఇంకేదో అడుగుతారు.

నేను స్మైలీ పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాయిన మేస్త్రీ పని నుంచి వచ్చాడు. నేను చర్చికి పోలేను గనక చర్చే ఇంటికొచ్చింది. రూతు కాలు బాగుపడాలని ప్రార్థన చేశారు. చర్చికీ ఇంటికీ నేను రూతు. బడిలో రాసింది స్వప్న. దవాఖానలో సిస్టర్ స్వప్న. శ్రావణికి ఫల్, అడిగితే స్వప్న. ఒక మనిషికి ఇన్ని పేర్లెందుకని చిన్నప్పుడు అడిగితే అమ్మ, ఏ పేరుతో పిలిస్తే అన్నం దొరుకుతదో ఆ పేరుకు పలకాలె అంది. అప్పుడు నవ్వాను.

నేపాల్ ఆయన మాట వదలడం లేదు. హాస్టల్లో చేరిన రోజు పక్క మంచం అమ్మాయి నా పేరు అడిగింది. తర్వాత ఇంటిపేరు. తర్వాత ఊరు. తర్వాత ఊర్లో ఎక్కడ. అన్నీ నవ్వుతూనే అడిగింది. ఎక్కడో ఒకచోట మన సంగతి దొరికేదాకా అడుగుతారు, దొరికాక ఇక పేరు కూడా గుర్తుండదు వాళ్ళకు. సీతాఫల్ ఇండియా అంటే అక్కడితో అయిపోతుంది. ఇండియాలో ఎక్కడ అని బయటిదేశం వాళ్ళు అడగరు. నేను ఇండియా ఎందుకు పెట్టుకున్నానో నాకు ఇవాళే తెలిసింది. తెలిసి ఏమీ కాలేదు. కాలు దురద పెడుతూనే ఉంది.

ఫిబ్రవరి 11

మ్యాచ్ మధ్యలో శ్రావణి కిందికి పోయింది, ఎవరో పిలిస్తే. ఫోన్ డాబా మీదే వదిలేసింది. వాళ్ళమ్మ తీసుకుంది.

"ఎవలు బిడ్డా? మా శ్రావణి దోస్తువా? ఏ ఊరు మీది?"

మా ఊరి పేరు చెప్పాను.

"ఆ ఊరికే మా అక్కనిచ్చింది! ఊర్ల యాడ మీ ఇల్లు?"

"బొడ్రాయి కాడ."

నోరు దానంతటదే అనేసింది. బొడ్రాయి ఊరి నడిమధ్య రాయి. దాని చుట్టూ ఎవరి ఇళ్ళుంటాయో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఎస్సీ కాలనీ ఊరి అవతల, బడి దాటి, చర్చి దాటి.

"గట్లనా, మా అక్కోల్ల ఇల్లు గూడ గాడ్నే గదా" అంది ఆమె, గొంతు మెత్తబడింది. ఎవలింటి పిల్లవే అని అడుగుతుండగా శ్రావణి వచ్చి ఫోన్ గుంజుకుంది. మా అమ్మ గింతే ఫల్, రైల్ల గూసున్నా పక్కోల్ల ముత్తాత దాన్క పోతది అని నవ్వింది. నేను కూడా నవ్వాను.

ఫిబ్రవరి 12

భయం లేదు. సిగ్గు కూడా అంతగా లేదు. బీపీ చూసి అంకె చెప్పినట్టు చెప్పాను.

ఒక్కటి మాత్రం ఉంది. బొడ్రాయి అనగానే ఆమె గొంతు మెత్తబడింది కదా... అది నాకు బాగుంది. అది బాగుండటమే బాగాలేదు.

ఫిబ్రవరి 15

అమ్మ చేను నుంచి వార్త మోసుకొచ్చింది. బొడ్రాయి పగులు పట్టిందట, కొత్తది నిలబెడతారట. మార్చి మొదటి వారంలో పండుగ. ఊరి ఆడబిడ్డలందరికీ పిలుపు, చుట్టాలందరికీ పిలుపు. డప్పులకు మా కాలనీ వాళ్ళకు కబురొచ్చింది.

సరే అన్నాను. అన్నం కలుపుకుంటుంటే తలకెక్కింది, శ్రావణి వాళ్ళ పెద్దమ్మదీ ఈ ఊరేనని.

ఫిబ్రవరి 16

అనుకున్నట్టే అయింది. శ్రావణి గేమ్‌లోకి రాగానే మొదటి మాట -

"పెద్దమ్మ పిలిచింది. మేం వస్తున్నం. నిన్ను చూస్త ఫల్, ఎట్లుంటవో."

వస్తావా అన్నాను.

మ్యాచ్‌లో తను పడిపోయింది. మోకాళ్ళ మీద పాకుతోంది. నేను పక్కనే ఉన్నాను. లేపడానికి వేలు పెట్టి కాసేపు పట్టుకుంటే చాలు. పెట్టలేదు. "ఫల్, ఈడ్నే ఉన్న, ఫల్" అంటూనే ఉంది. తెర మీద తన పేరు బూడిదరంగులోకి మారింది, అంటే ఆటలో చచ్చిపోయింది. నెట్ పోయింది అని చెప్పాను. ఇది రెండో అబద్ధం.

ఫిబ్రవరి 19

ఉపాయం దొరికింది. పండుగ రోజే కల్వకుర్తిలో కట్టు విప్పించుకుంటాను, అక్కడి నుంచి చిన్నమ్మ ఇంటికి. కాలు విషయం గనక ఎవరూ ఏమీ అనరు. విరిగిన కాలు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది.

రాసుకున్నాక నిద్ర పట్టింది, పట్టపగలు.

ఫిబ్రవరి 22

గేమ్ తెరవలేదు. శ్రావణి మెసేజీలు. ఏమైంది... కోపమా... కాలు నొస్తాందా... తిన్నవా. చదివి పక్కన పెట్టాను. గోడ మీద బల్లిని చూశాను మధ్యాహ్నమంతా. అది కూడా కదల్లేదు.

ఫిబ్రవరి 25

తను లేకుండా ఉండలేకపోయాను. అది ఒప్పుకోవాలి. ఇంకెవరితో ఆడినా మైకులో బూతులే.

ఇవాళ శ్రావణి తక్కువ మాట్లాడింది. మ్యాచ్ అయ్యాక, మామూలుగా అడిగినట్టే అడిగింది - మీ గేటు ఏ రంగు, వస్తే గుర్తుపట్టాలె గదా.

"పచ్చ."

సరే అంది. మైకులో కోళ్ళ చప్పుడు వినబడింది. తర్వాత మోటారు బంద్ చేయాలని వెళ్ళిపోయింది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో.

"మనకు గేటెక్కడిదే?"

చెప్పాను. మొత్తం చెప్పాను, బొడ్రాయి నుంచి గేటు దాకా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. అమ్మ తల మీది తువ్వాల విప్పి దులిపింది, మట్టి రాలింది.

"పెట్టుకుందాం తియ్ పచ్చగేటు. ఇంటి మీద స్లాబు పడ్డంక" అంది. లోపలికి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

నేను ఫోను బోర్లించి పక్కన పెట్టాను.

మార్చి 1

కల్వకుర్తి పోయి ఎక్స్‌రే తీయించాం. ఎముక ఇంకా అతకలేదట, కట్టు ఇప్పుడే విప్పరట. ఆటోలో తిరిగి వస్తూ, అయినా పండుగకు నేను చిన్నమ్మ ఇంట్లోనే ఉంటా అన్నాను.

అమ్మ ఆటో డ్రైవరుకు వినబడకుండా చెప్పింది. ఆ రోజు ఊరు కడతారు. పొలిమేర చుట్టూ ముగ్గు పోసి, దారులకు తాళ్ళు కడతారు. లోపలివాళ్ళు బయటికి పోవద్దు, బయటివాళ్ళు లోపలికి రావద్దు, రాయి నిలబడేదాకా. మనం మొక్కకున్నా సరే.

నేను ముందురోజే పోతా కదా అన్నాను.

"నువ్వు పోతవ్. రేపు ఊర్ల ఎవలి గొడ్డు సచ్చినా, ఎవలికి జరమొచ్చినా, రూతమ్మ ఎల్లిపోయింది గందుకే అంటరు. ఈడ ఉండేది నేను."

చిన్నమ్మకు రావడం లేదని ఫోన్ చేశాను.

మార్చి 3

శ్రావణితో ఆడాను. పండుగ మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గెలిచాం. నేపాల్ ఆయన మీ ఇద్దరికీ ఏమైంది అని రాశాడు. ఎండలు అని రాశాను.

మార్చి 5

పొద్దుటి నుంచి ఆటోలు. ఊరి ఆడబిడ్డలు సంచులతో, పిల్లలతో దిగుతున్నారు. ఇటు మా కాలనీలో డప్పులు మంట దగ్గర కాచుకుంటున్నారు, చెవులు దిమ్మెక్కిపోతున్నాయి. నేను కిటికీ దగ్గర కుర్చీలో. ప్రతి ఆటోలోనూ తనే ఉన్నట్టుంది. ముఖం తెలియదు కదా, ఎవరైనా తనే కావచ్చు.

సాయంత్రం మెసేజ్: వచ్చిన.

దాని కింద ఇంకేమీ లేదు. పచ్చగేటు ఏది అని అడగలేదు.

మార్చి 6, పొద్దున

తాళ్ళు కట్టేశారు. వేపరొట్టలు వేలాడుతున్నాయి మా కాలనీ అవతల పొలిమేర దారికి. ఇక ఎవరూ ఊరు దాటి పోలేరు.

శ్రావణి వాయిస్ మెసేజ్. వినడానికి ధైర్యం చాలక టిఫిన్ తిన్నాను, మాత్ర వేసుకున్నాను, తర్వాత విన్నాను. మెల్లగా మాట్లాడింది, పక్కన ఎవరో ఉన్నట్టు.

"ఫల్, నేను పెద్దమ్మను పోయిన నెలనే అడిగిన. బొడ్రాయి కాడ స్వప్న అని ఎవలు లేరన్నది. నాకు గప్పుడే సమజైంది. గేటు రంగు గందుకే అడిగిన, నువ్వే చెప్తవేమోనని. ఇప్పుడన్న చెప్పు. ఎటు రావాలె?"

మళ్ళీ విన్నాను.

కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. తెలిసి అడిగింది. నేను పచ్చ అంటుంటే తెలిసి విన్నది. నన్ను పరీక్ష పెట్టడానికి తనెవరు? నేను చెప్పాలట. ఎప్పుడూ చెప్పాల్సింది మేమే. తను ఎవరో తను నాకెప్పుడైనా చెప్పిందా, చెప్పే అవసరం వచ్చిందా? వాళ్ళమ్మ కూలీలను కేకేసే పద్ధతి విని నేనే లెక్క కట్టుకున్నాను.

అదీ నిజమే. మొదటి వారంలోనే కట్టుకున్నాను.

మార్చి 6, మధ్యాహ్నం

రాసి పంపాను. ఉన్నదున్నట్టు.

బడి దాటినంక చర్చి. చర్చి ఎన్క మూడో ఇల్లు. గేటు లేదు. ఎస్సీ కాలనీ.

చదివింది. చదివినట్టు కనబడింది. దూరంగా డప్పులు, మా నాయిన తరపు వాళ్ళవే. కొట్టేది వాళ్ళు, రాయి వాళ్ళకు దూరం.

తర్వాత: సరే. మా అమ్మకు చెప్పి వస్త.

అమ్మకు చెప్పి. చెప్పకుండా రావచ్చు కదా... చెప్పి వస్తేనే మంచిదా. ఏమో.

అమ్మకు చెప్పాను, శ్రావణి వస్తానంది అని. అమ్మ వాకిలి ఊడుస్తున్నది ఆపింది. నా ముఖం చూసింది.

"చాయ్ పెట్టాల్నా, కూల్‌డ్రింక్ తేవాల్నా?"

ఓట్లప్పుడు ఊర్లోంచి పెద్దమనుషులు మా ఇంటికొస్తే అమ్మ మూత తీయని సీసా తెప్పించి వాళ్ళ ముందే మూత తీస్తుంది. అది తాగుతారు. చాయ్ అంటే ఇప్పుడే తాగొచ్చినం అంటారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. సీసా పెట్టడం మర్యాద, తాగడం మర్యాద. అమ్మ ఇవాళ కూడా ఆ మర్యాదే అడుగుతోంది, చేతిలో చీపురుతో.

"చాయే పెట్టమ్మా."

"తాగుతదా?"

తెలియదన్నాను. ఎదురుగా కాల్పులు జరుగుతుంటే తను ఏ గోడ వెనక్కి పోతుందో నాకు తెలుసు. ఎవరిని వదిలేసి ఎవరిని లేపుతుందో తెలుసు. ఇది తెలియదు. తాగకపోతే ఏం చేయాలో కూడా తెలియదు. తాగకపోయినా సరే రానీ అనిపిస్తోంది, అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది. మంచి గ్లాసులు దించి మళ్ళీ కడుగుతోంది. నేను కుర్చీ గుమ్మంలోకి జరుపుకుని, కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను, చూస్తూ రాస్తున్నాను. ఎండ బాగా ఉంది. చర్చి మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కనబడుతున్నారు. మా వాళ్ళు కాదు, చీరలు కొత్తవి. శ్రావణి, వాళ్ళమ్మ అయి ఉండాలి. ఒకామె గోడ నీడలో ఆగిపోయింది. ఒకామె నడుస్తోంది. ఇంత దూరానికి ముఖాలు తెలియడం లేదు, ఎవరు ఆగారో, ఎవరు వస్తున్నారో.